వేమూరులో లేని వేమూరి వారు

1968 వేసవి. తెనాలిలో మా ప్రెస్సు ఒక బట్టల కొట్టు వెనక సందులో ఉండేది. ముందు గదిలో నా బల్ల, వెనక గదిలో మెషిన్, మధ్యలో కాగితపు కట్టలు. మిగతా రోజుల్లో బిల్లు పుస్తకాలు, నాటకాల కరపత్రాలు వేసుకుంటూ నెట్టుకొచ్చేవాళ్ళం గానీ, మా ఇంట్లో పొయ్యి వెలిగేది శుభలేఖల మీదే. ముహూర్తాలు మొదలైతే బాపట్ల, రేపల్లె, కొల్లూరు వైపుల నుంచి పెళ్ళివారు సంచులు పట్టుకుని తెనాలిలో దిగేవారు. ముందు బంగారం, తరవాత బట్టలు, ఒళ్ళు అలిసి ఓపిక నశించాక ఆఖర్న మేము.

శుభలేఖ అచ్చు వేయడం ఇప్పటివాళ్ళకు పెద్ద పనిగా కనిపించకపోవచ్చు. అప్పట్లో ఒక్కో అక్షరం ఒక సీసపు ముక్క. అక్షరాలు అరల్లో ఉండే చెక్కపెట్టెను కేసు అనేవాళ్ళం. అందులోంచి ఏరి వరసగా పేర్చేవాడు కంపోజిటర్. పేర్చినదాని మీద సిరా అద్ది మొదట తీసే నకలు ప్రూఫ్. పెళ్ళివారు దాన్ని చదివి సరే అంటేనే ట్రెడిల్ మీదకు, అంటే కాలితో తొక్కే మెషిన్ మీదకు ఎక్కించేవాళ్ళం. పెళ్ళివారు పద్యాన్ని చూసేవారు కాదు, చుట్టూ వేసిన పూల బార్డర్నీ చూసేవారు కాదు. పేర్లు చూసేవారు. పెదనాన్న పేరు మేనమామ పేరు కింద పడిందని విడిదింట్లో అలిగి భోజనం మానేసిన పెద్దమనిషి ఒకాయన నాకు బాగా తెలుసు.

రోజూ పేర్లతోనే బతుకు కాబట్టి నాకు ఇంటిపేర్ల పిచ్చి పట్టుకుంది. మా వైపు ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ళ పేర్లే. కొల్లిపర, దుగ్గిరాల, పొన్నూరి, వేమూరి. ఆ పేరున్నవాళ్ళు ఆ ఊళ్ళో ఎందరున్నారు, బయటికెళ్ళినవాళ్ళు ఎక్కడ స్థిరపడ్డారు అని ఊరికే ఆలోచిస్తూ ఉండేవాణ్ణి. నా ఇంటిపేరు కూడా ఒక ఊరిదే. ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో మా నాన్నకీ తెలీదు, నాకూ తెలీదు. మా ఆవిడైతే "ఉన్న ఊళ్ళో ఇల్లు లేదు గానీ లేని ఊరి గురించి బెంగ" అని దెప్పుతూ ఉండేది.

ఆ వైశాఖంలో రేపల్లె నుంచి కొత్తపల్లి రామకోటయ్య గారు వచ్చారు. సౌమ్యుడు, మోతుబరి రైతు. ఆయనకున్నది ఒక్కతే కూతురు, సుశీల. రేపల్లెలో పంతులమ్మగా చేస్తోంది. పెళ్ళికొడుకు మోహనరావుది బాపట్ల, అక్కడే కాలేజీలో ఉద్యోగం. రామకోటయ్య గారు శుభలేఖలో ఏమేం వేయాలో సొంతచేత్తో రాసిన కాగితం ఇచ్చి, ప్రూఫ్ చూడటానికి నాలుగు రోజుల్లో వస్తానని వెళ్ళారు. నేను దాన్ని చదవకుండానే మా కంపోజిటర్ సుబ్బారావు చేతికిచ్చాను.

ఆయన మళ్ళీ వచ్చినప్పుడు కళ్ళజోడు తగిలించుకుని ప్రూఫ్ చదువుతూ సగంలో ఆగిపోయారు.

"ఇదేంటండీ? నా పేరు వేమూరి రామకోటయ్య అని రాసిచ్చాను కదా. కొత్తపల్లి అని వేశారేంటి?"

నేను సుబ్బారావుని పిలిచాను. అతను సిరా చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. "పెళ్ళికొడుకు వాళ్ళు వేమూరి వారు కదండీ. మీరు రాసే ధ్యాసలో మీక్కూడా అదే రాసుకున్నారనుకుని నేనే సరిచేశానండి. పిల్లకీ పిల్లాడికీ ఒకటే ఇంటిపేరు ఎక్కడైనా ఉంటుందాండీ?"

సుబ్బారావుని నేను ఒక్క మాట అనలేదు. మా వైపు ఏ కంపోజిటరైనా అదే పని చేసేవాడు. ఒకే ఇంటిపేరంటే అన్నదమ్ముల బిడ్డల కింద లెక్క, వాళ్ళకు పెళ్ళి మాట తలపెట్టరు. పైగా రామకోటయ్య గారిని నాకు తెలిసినప్పటి నుంచీ అందరూ కొత్తపల్లి వారనే అంటారు.

"పొరపాటు కాదు బాబూ," అన్నారాయన. "నేను పుట్టింది వేటపాలెం దగ్గర, వేమూరి వారింట్లో. రేపల్లెకు ఇల్లరికం వచ్చాను. మా మామగారికి మగపిల్లలు లేరు. కొడుకులా చూసుకుంటామని తెచ్చుకున్నారు, అలాగే చూసుకున్నారు. ఇల్లు నాదైంది, పొలం నాదైంది. ఊళ్ళోవాళ్ళు ఆ ఇంటిపేరు కూడా నాకే తగిలించారు. నేను కాదనలేదు."

"నువ్వు వేమూరి వాడివా నాయనా?" అని గుమ్మంలోంచి వినపడింది.

అందరం అటు చూశాం. పెళ్ళికొడుకు నాయనమ్మ భ్రమరాంబ గారు. చీరలు కొనడానికి మనుషుల్ని వెంటబెట్టుకుని బాపట్ల నుంచి వచ్చి, వాళ్ళను ముందున్న కొట్లో కూచోబెట్టి, శుభలేఖలో తన భర్త పేరు సరిగా పడిందో లేదో చూసుకుందామని ఇటు వచ్చిందట. ఆవిడ వేమూరి వారింట్లో పుట్టలేదు గానీ, చిన్నప్పుడే కోడలిగా వచ్చి ఆ ఇంటి పద్ధతులన్నీ తన చేతిమీద నడిపిస్తున్న మనిషి. నేను కుర్చీ చూపించేలోపే కాగితపు కట్ట మీద కూలబడింది.

"మధ్యవర్తి ఈ ముక్క చెప్పలేదే!"

"నేను చెప్పమన్నానండి అత్తయ్యగారూ. మీరిప్పుడు కొత్తపల్లి వారేగా, పాత సంగతులెందుకని ఆయనే కొట్టిపారేశాడు."

"అత్తయ్యనో పెద్దమ్మనో ముందది తేలనీ. నువ్వు వేమూరి వాడివైతే నా మనవడికి బాబాయివవుతావు, పిల్ల చెల్లెలవుతుంది. ఇంకెక్కడి పెళ్ళి?"

గోత్రాలు అడిగి చూశాను. ఆయన ఒకటి చెప్పారు, ఆవిడ ఇంకొకటి చెప్పింది. "వేరే కదా మామ్మగారూ, ఇంకేం?" అన్నాను. "గోత్రం పురోహితుడు చెబితే తెలిసేది బాబూ. మా ఇళ్ళల్లో ఇంటిపేరే లెక్క," అంది. పోనీ, కొత్తపల్లి అనే ఉంచేస్తే గొడవే ఉండదు కదా అని ఒక ఉచిత సలహా పడేశాను. ఇద్దరూ ఒకేసారి కాదన్నారు.

"సీసం ముక్కలు మారిస్తే వరస మారుతుందా?" అని ఆవిడ.

రామకోటయ్య గారు మాత్రం గొంతు పెంచలేదు. "నాకు ఇంకో కూతురు లేదండి. నా పేరు నా పేరుగా అచ్చయ్యేది ఈ ఒక్క కాగితం మీదే. మా నాన్న పోయాడు, అన్నదమ్ములూ మిగల్లేదు. నేను కూడా కొత్తపల్లి అని వేసుకుంటే ఇక ఆ ఇల్లు లేనట్టే. ఆ ముక్క అచ్చేసి ఊరంతా పంచమంటే నా వల్ల కాదు," అన్నారు.

పెళ్ళి రెండు వారాల్లో ఉంది. ఆ పిల్లా పిల్లాడూ ఒకరినొకరు చూసుకుని ఇష్టపడ్డారని అప్పటికే రామకోటయ్య గారు మురిపెంగా చెప్పి ఉన్నారు. ఆ పేరుంటే పెళ్ళి ఆగుతుంది. వదులుకోమంటే ఈ మనిషి లోపల్లోపల చచ్చిపోతాడు. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామంటే అదీ రాలేదు, ఆవిడ భయం ఆవిడది.

చివరికి దారి భ్రమరాంబ గారే చెప్పింది. "వేమూరి వారికి మూలం వేమూరే కదా. మా మామగారి తాతలు అక్కణ్ణుంచే వచ్చారంటారు. వెళ్ళి అడుగుదాం. ఆ ఊళ్ళో మిగిలిన వేమూరి వాళ్ళెవరో చెబుతారు, మీరూ మేమూ ఒకటేనో కాదో." తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు దారిలోనే వేమూరు. మర్నాడు పొద్దున్నే వెళ్దామన్నారు. ఆ రాత్రికి ఆవిడ తెనాలిలో చుట్టాలింట్లో ఉండిపోయింది.

నన్నెవరూ రమ్మనలేదు. అయినా బయల్దేరాను. ఏళ్ళ తరబడి మనసులో పెట్టుకున్న ప్రశ్నకు జవాబు వెతకడానికి వాళ్ళే వెళ్తుంటే ప్రెస్సులో కూచోవడం నా వల్ల అయ్యే పనేనా? "పేర్చింది విప్పెయ్యమంటారా?" అన్నాడు సుబ్బారావు. ముట్టుకోవద్దని చెప్పి రైలెక్కాను.

రైల్లో వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూచుని కాలవల్లో నీళ్ళ గురించీ, మినుముల ధర గురించీ మర్యాదగా మాట్లాడుకున్నారు. వరస తేలేదాకా ఆవిడ ఆయన్ని ఏ వరసా పెట్టి పిలవలేదు.

వేమూరులో దిగి కాఫీ హోటల్లో అడిగాను. "వేమూరి వారిల్లు ఎక్కడండీ?" హోటలాయన గరిటె పక్కన పెట్టి నవ్వాడు. "మీరూ వచ్చారా? అదుగో, ఆ పెంకుటింటి పెద్దాయన దగ్గరికి వెళ్ళండి. అందర్నీ అక్కడికే పంపిస్తాం."

ఆ పెద్దాయన పేరు వీరరాఘవయ్య గారు. అరుగు మీద కూచుని కొబ్బరి పీచుతో తాడు పేనుతున్నారు. మేం వచ్చిన పని చెబితే తాడు ఆపకుండానే అన్నారు: "మా ఊళ్ళో వేమూరి వాళ్ళు ఎవరూ లేరమ్మా. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ లేరు."

భ్రమరాంబ గారికి అది మింగుడు పడలేదు. "ఊరి పేరే పెట్టుకున్నవాళ్ళు ఊళ్ళో లేకపోవడమేంటండీ?"

"ఊళ్ళో ఉన్నవాణ్ణి ఊరి పేరుతో ఎవరు పిలుస్తారమ్మా? ఇక్కడ అందరం ఈ ఊరివాళ్ళమే. ఇక్కణ్ణుంచి కరువుకో, తగాదాకో, కూతురింటికో పోయినవాణ్ణి అక్కడివాళ్ళు వేమూరు నుంచి వచ్చినవాడంటారు. వాడి పిల్లలు వేమూరి వాళ్ళవుతారు. పోయినవాళ్ళకే ఆ పేరు. ఉన్నవాళ్ళకు దాంతో పనేముంది?"

నేను అరుగు మీద కూచుండిపోయాను. ఇన్నేళ్ళుగా ఇంటిపేరంటే చిరునామా అనుకుంటున్నాను. కాదు, వదిలేసి వచ్చిన చోటు. తట్టనందుకు నా మీద నాకే నవ్వొచ్చింది.

"అయితే పోయినవాళ్ళంతా ఒక్క ఇంటివాళ్ళేనాండీ?" అన్నాను.

"భలేవారే! బ్రాహ్మలు పోయారు, రైతులు పోయారు, వ్యాపారం చేసుకునేవాళ్ళు పోయారు. తరవాత క్రైస్తవులైనవాళ్ళు కూడా ఆ పేరే ఉంచుకున్నారు. గుంటూరు నుంచి, మద్రాసు నుంచి మూలం చూసుకుందామని వస్తూనే ఉంటారు. అందరికీ ఊరు ఒకటే, ఇళ్ళు వేరు."

రామకోటయ్య గారి ముఖంలో వెలుగొచ్చింది గానీ భ్రమరాంబ గారు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "వేరే ఇళ్ళవాళ్ళూ ఉండొచ్చని చెప్పారు, బాగానే ఉంది. ఈయనా మేమూ వేరే అని ఎవరు చెబుతారు?" అంది. వీరరాఘవయ్య గారు తాడు పక్కన పెట్టి లేచారు. ఎండ ముదిరిందనీ, భోజనం చేయకుండా కదలనివ్వననీ మాత్రం అన్నారు.

వాళ్ళ కోడలు విస్తళ్ళు వేసి పప్పు, పొట్లకాయ కూర, చారు వడ్డించింది. రామకోటయ్య గారు పప్పులో అన్నం కలుపుకుని, పొట్లకాయ కూరను చివరికి నెట్టేశారు. ఎదురు వరసలో ఉన్న భ్రమరాంబ గారు అది చూసింది.

"పొట్లకాయ పడదా?"

"పడకపోవడం కాదండి. మా ఇంట్లో తినరు."

"తినకపోవడమేంటి? నిశ్చితార్థానికి మేం వచ్చినప్పుడు మీ ఇంట్లోనే పొట్లకాయ పెరుగుపచ్చడి వేశారుగా? బాగుందని నేను రెండోసారి వేయించుకున్నాను."

ఆయన తల వంచుకుని అన్నం వంక చూస్తూ అన్నారు: "అది కొత్తపల్లి వారిల్లు కదండీ. మా ఇల్లంటే... మా నాన్న గారిల్లు. మా వాళ్ళల్లో ఎప్పుడో ఒక పసిబిడ్డను పొట్లపందిరి కింద పడుకోబెడితే పాము కరిచిందట. అప్పట్నుంచి మాకు పొట్లపాదు అచ్చిరాదు. పెట్టరు, తినరు."

"మరి ఇన్నేళ్ళూ మీ ఆవిడకి చెప్పలేదా?"

"ఇల్లరికం వచ్చినవాణ్ణి, మా ఇంటి ఆనవాయితీ ఇదీ అంటే ఏం బాగుంటుందండీ? ఇష్టం లేదన్నాను. తను అలాగే అనుకుంది. ఈ ఒక్కటీ నోట పెట్టకుండా ఉంటే, ఎక్కడో నేనింకా వేమూరి వాణ్ణేనని ఉండేది."

భ్రమరాంబ గారి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. తరవాత ఆవిడ గట్టిగా నవ్వింది. నవ్వుతూనే ఎడమచేత్తో కొంగు తీసి కళ్ళు ఒత్తుకుంది.

"నేను కాపరానికి వచ్చినప్పుడు మా అత్తగారు నా చేత మొట్టమొదట పెట్టించింది పొట్లపాదే. మా వేమూరి వారింట్లో ఏ కోడలొచ్చినా అదే ఆనవాయితీ. నా కోడలి చేతా నేనే పెట్టించాను. పొట్లపాదు అచ్చిరానివాళ్ళు మావాళ్ళెలా అవుతారు? నువ్వు మావాడివి కాదు నాయనా! కానే కాదు!"

ఒక మనిషిని పట్టుకుని నువ్వు మావాడివి కాదని అంత ప్రేమగా అనడం నేను అంతకుముందు వినలేదు, తరవాతా వినలేదు. రామకోటయ్య గారు లేచి చెయ్యి కడుక్కుని వచ్చి "అత్తయ్యగారూ" అని ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టారు. ఈసారి ఆవిడ వరస సరిదిద్దలేదు.

సాయంత్రం ప్రెస్సుకు రాగానే సుబ్బారావు కొత్తపల్లి తీసేసి వేమూరి పేర్చాడు. మాకో చిన్న ఇబ్బంది వచ్చింది. ఒకే కార్డులో రెండువైపులా వేమూరి కనపడితే చూసిన ప్రతివాళ్ళూ అచ్చుతప్పనుకుని మా ప్రెస్సును తిడతారని అతని బాధ. అలాగే తిట్టారు కూడా. బాపట్ల నుంచి ఒకాయన పనిగట్టుకుని వచ్చి, చదువురానివాళ్ళకు అచ్చుపనులెందుకని నన్ను కడిగేసి వెళ్ళాడు. కూచోబెట్టి కాఫీ ఇప్పించి వేమూరు సంగతి చెబితే, పోతూ పోతూ తన ఇంటిపేరున్న ఊరు ఎటువైపో అడిగి వెళ్ళాడు.

ఆ తరవాత నా పిచ్చి ముదిరింది. ప్రెస్సుకు ఎవరొచ్చినా వాళ్ళ ఇంటిపేరు గురించి అడిగేవాణ్ణి. డెబ్బైల్లో అచ్చు వేసిన పెళ్ళికార్డుల్లో ఎందరో వేమూరి వారు తగిలారు. గుంటూరులో ప్లీడరు గారు ఒకరు, విజయవాడలో పప్పుల వ్యాపారి ఒకరు, హైదరాబాదు సెక్రటేరియట్‌లో గుమాస్తా ఒకరు. రేపల్లె నుంచి లూథరన్ మాస్టారు ఒకాయన, పైన శిలువ బొమ్మ వేసిన కార్డు మీద అదే ఇంటిపేరు వేయించుకున్నారు. వేమూరు సంగతి చెబితే ఆయన "అయితే మా ముత్తాతలు కూడా ఎప్పుడో మూట నెత్తిన పెట్టుకుని నడిచినవాళ్ళేనన్నమాట," అన్నారు. ఒక్క వేమూరు నుంచి మాత్రం ఒక్క వేమూరి కార్డూ రాలేదు. నేను ప్రెస్సు మూసేదాకా రాలేదు.

వృత్తిలో ఈ శుభలేఖ నాకు నేర్పింది ఒకటుంది. అప్పటిదాకా పేరంటే నాకు కేసులోంచి తీసి పేర్చే సరుకు. ఎవరి పేరెక్కడ ఉండాలో నాకే తెలుసుననుకునేవాణ్ణి. ఆ తరవాత ఏ పేరు మీద అనుమానమొచ్చినా సరిచెయ్యలేదు, అడిగాను. సుబ్బారావుకూ అదే చెప్పాను. మనిషి తన పేరు ఎలా రాసిచ్చాడో అలా వేయడం అచ్చుపనిలో మొదటి మర్యాద.

ఆ మాట నాకు బాగా ఎక్కింది మాత్రం రేపల్లెలో, సుశీల పెళ్ళిలో. నన్ను ప్రత్యేకంగా పిలిచారు. కన్యాదానానికి ముందు ప్రవర చదువుతారు కదా, పిల్ల తండ్రి పేరూ, తాత పేరూ, ముత్తాత పేరూ పెట్టి ఫలానా వారి బిడ్డ అని పందిరంతా వినేలా చెప్పడం. పురోహితుడు అలవాటు కొద్దీ కొత్తపల్లి అని మొదలుపెట్టబోయారు. రామకోటయ్య గారు ఆపి, మైకు దగ్గరకు వంగి, తనే చెప్పారు. వేమూరి అంకయ్య గారి మునిమనవరాలు, వేమూరి పున్నయ్య గారి మనవరాలు. పురోహితుడు దాన్ని అందుకుని మూడుసార్లూ అలాగే చదివారు. మూడోసారికి రామకోటయ్య గారు ఏడుస్తున్నారు. సిగ్గుపడలేదు, తుడుచుకోలేదు. పక్కన నీళ్ళ చెంబు పట్టుకుని కూచున్న ఆయన భార్య అన్నపూర్ణమ్మ గారు ఆయన్నే చూస్తోంది. తన పెళ్ళినాటి ప్రవరలోనూ ఆ పేర్లు చదివే ఉంటారు. కానీ అప్పుడావిడ చిన్నపిల్ల, ఏం గుర్తుంటుంది? ఆ తరవాత ఆ ఇంట్లో ఎవరూ ఆ పేర్లు తలవలేదు.

భోజనాలయ్యాక నేను బయల్దేరుతుంటే ఆవిడ తాంబూలం ఇవ్వడానికి గేటుదాకా వచ్చింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"మా మామగారి పేరు పున్నయ్య గారండీ," అంది.